ఎర్ర మందారం నల్లగా ఎందుకు పడింది?

పోయిన నెల ఒక ఆదివారం మా మేడ మీద, బెంగళూరు హలసూరులో ఉంటాం మేము, ఇత్తడి చెంబులో నాలుగు రకాల పూలు పెట్టి ఒక ఫోటో తీశాను. ఫోన్‌తో కాదు, చెప్పుల డబ్బాకి లోపలంతా నల్ల కాగితం అంటించి ముందు సూదితో బెజ్జం పెట్టి చేసిన కెమెరా, లోపల ఫిల్మ్ బదులు పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో పేపర్. ఆ పేపర్ మా మామది, మదనపల్లిలో ఆయన స్టూడియో మూసేసినప్పుడు మిగిలిన పెట్టె ఒకటి ఇన్నేళ్ళుగా అట్లనే బీరువాలో పడుంది, మా ఇంటికి వస్తూ సంచిలో వేసుకొచ్చాడు.

పూలేమో కుండీలోంచి కోసిన ఎర్ర మందారం, సిటీ మార్కెట్ నుంచి తెచ్చిన పసుపు చామంతులు, కాంపౌండ్ గోడ మీద పాకే శంఖుపుష్పం, నాలుగు నందివర్ధనాలు. ఎండలో నిమిషంన్నర బెజ్జం తెరిచి పెట్టి, బాత్రూంలో ఎర్ర బల్బు కింద డెవలపర్ ట్రేలో ముంచి, బొమ్మ చెరగకుండా నిలబెట్టే హైపో ద్రవంలో వేసి, ఆ నెగెటివ్ని, అంటే వెలుగు చీకట్లు తిరగబడి పడ్డ బొమ్మని, ఇంకో పేపర్‌కి ఆనించి కాంటాక్ట్ ప్రింట్ కొట్టి మళ్ళీ సరి చేశాం. నందివర్ధనాలు తెల్లగా బాగానే వచ్చాయి. మందారం మాత్రం కాటుక పూసినట్టు నల్లగా, రేకుల మధ్య మడతలు కూడా తెలీకుండా పడింది. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే చెంబు మొత్తంలో నా కంటికి అన్నిటికంటే వెలుగ్గా కనపడిన చామంతి కూడా బొగ్గులాగే ఉంది, ముదురు నీలం శంఖుపుష్పమేమో లేత బూడిద రంగులో మెరుస్తోంది. అంటే వెలుగు చీకట్ల లెక్క మొత్తం తారుమారు.

"మందారం దగ్గర ఎక్స్‌పోజర్ తక్కువైందా మామా?" అని అడిగా.

"ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉందబ్బీ, పేపర్‌కి ఎరుపు కనపడదు. కనపడితే మనం బాత్రూంలో ఎర్ర బల్బు ఎట్ల పెడతాం రా?"

ముప్ఫై ఏళ్ళు ఆ ఎర్ర లైటు కింద బతికిన మనిషి ఎంత తేలిగ్గా అన్నాడో ఆ మాట, నాకు మాత్రం దాంతో పెద్ద డొంకే కదిలింది. అదే ఇక్కడ విడదీసి చెప్పాలని, ఎందుకంటే ఈ నల్ల మందారం వెనక ఒక పక్క 170 ఏళ్ళ ఫోటోగ్రఫీ చరిత్ర ఉంది, ఇంకో పక్క జంతువుల కళ్ళు ఎట్లా తయారయ్యాయి అనే కోట్ల ఏళ్ళ కథ ఉంది, రెండూ ఒకే ప్రశ్న దగ్గర కలుస్తాయి.

ముందు పేపర్ సంగతి. ఫోటో పేపర్ మీద, పాత గాజు ప్లేట్ల మీద ఉండేది వెండి ఉప్పు, సిల్వర్ బ్రోమైడ్, సిల్వర్ క్లోరైడ్, సిల్వర్ అయోడైడ్ లాంటివి. కాంతి చిన్న చిన్న పొట్లాలుగా వచ్చి పడుతుందనుకోండి, నీలం పొట్లంలో శక్తి ఎక్కువ, ఎరుపు పొట్లంలో తక్కువ. వెండి ఉప్పు స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ కదిలితేనే అక్కడ మార్పు మొదలవుతుంది, అది కదలాలంటే ఒక్కో పొట్లానికి కనీసం ఇంత శక్తి ఉండి తీరాలి. నీలం, ఊదా, కంటికి కనపడని అల్ట్రావయొలెట్, వీటికి ఆ శక్తి ఉంది. ఎరుపుకి లేదు, ఒకటొచ్చినా లక్షొచ్చినా అంతే, మోకాలెత్తు గడప దాటలేని పిల్లలు వందమంది వచ్చినా గడప దాటలేరు కదా అలాగ. చామంతి పసుపు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, పసుపు రేకు నీలాన్ని మింగేసి పచ్చ, ఎరుపు కాంతిని వెనక్కి పంపుతుంది కాబట్టి పేపర్ దృష్టిలో చామంతి నుంచి ఏమీ రావట్లేదన్నట్టే.

ఇప్పుడు 1850ల్లోకి వెళ్దాం. ఫ్రాన్స్‌లో ఆల్సాస్ ప్రాంతంలో మ్యూలూజ్ అని ఒక ఊరు, అద్దకం బట్టలకి పేరు. అక్కడ అడాల్ఫ్ బ్రాన్ అనే ఆయన బట్టల డిజైనర్, ఆయన 1853 ప్రాంతంలో పూలని ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు, గులాబీలు, పూల గుత్తులు, దండలు, గాజు మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి తడి ఆరకముందే తీసే పద్ధతిలో, మొత్తం 300 దాకా ఫోటోలతో ఒక సంకలనం చేసి 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు. ఆయన ఉద్దేశం బట్టల మీద, గోడ కాగితాల మీద పూలు గీసేవాళ్ళకి నమూనాలు ఇవ్వడం. ఆ ఫోటోలు ఇవాళ చూసినా ఒళ్ళు జలదరిస్తుంది, రేకు అంచు ముడుచుకున్న తీరు, ఆకు మీద ఈనెలు, తొడిమ దగ్గర వాడిన జాడ, ఒక్కటీ వదల్లేదు ఆ ప్లేటు. కానీ ఆ ప్లేటుకీ నా పేపర్‌కీ ఉన్న గుడ్డితనం ఒకటే, అందుకే ఆ కాలం పూల ఫోటోల్లో ఆకులు అంత ముదురుగా, లేత రంగు పూలు అంత వెలుగుతూ ఉంటాయి. ఏది నల్లటి పువ్వో ఏది ఎర్రటి పువ్వో ఫోటోని బట్టి చెప్పలేం. ఆ కాలం ల్యాండ్‌స్కేప్ ఫోటోల్లో ఆకాశం మబ్బులేకుండా వట్టి తెల్ల కాగితంలా ఉండటానికి కూడా కారణం ఇదే, నీలం మొత్తం ప్లేటుని నింపేస్తుంది. మా అవ్వ పెళ్ళి ఫోటోలో కుంకుమ బొట్టు మసి బొట్టులా ఎందుకుందో కూడా నాకు ఇప్పుడు అర్థమైంది, అది తీసింది మామ వాళ్ళ నాన్నే, ఎరుపు కనపడని ఆర్థో ప్లేటు మీద.

దీనికి మందు కనిపెట్టింది జర్మనీలో హెర్మన్ ఫోగెల్, 1873లో. ప్లేటులో కొన్ని రంగు పదార్థాలు కలిపితే అది పచ్చని కూడా పట్టుకోవడం మొదలుపెడుతుందని గమనించాడు. జరిగేదేంటంటే రంగు అణువు ఆ బలహీనమైన కాంతిని తాను పట్టుకుని ఎలక్ట్రాన్ని వెండి ఉప్పు చేతికి అందిస్తుంది, గడప దగ్గర ఒక పీట వేసినట్టు. పచ్చ దాకా వచ్చినవి ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు, ఎరుపు దాకా వచ్చిన పాంక్రోమాటిక్ ప్లేట్లు మార్కెట్లోకి 1906లో వచ్చాయి, ఆ మరుసటి ఏడే, 1907లో, లూమియేర్ అన్నదమ్ములు ఆటోక్రోమ్ అమ్మడం మొదలుపెట్టారు. ఆటోక్రోమ్ అంటే రంగు ఫోటో, చేసే విధానం వింటే మన వంటింట్లో పని లాగుంటుంది: బంగాళాదుంప పిండి రేణువుల్ని నారింజ, పచ్చ, ఊదా రంగుల్లో ముంచి, కలిపి, గాజు మీద ఒక్క పొరగా చల్లి, సందుల్లో బొగ్గు పొడి నింపి, దాని వెనక వెండి ఉప్పు పూత. ప్రతి రేణువూ ఒక చిన్న రంగు అద్దం. కాంతి ఎక్కువసేపు కావాలి కాబట్టి మనుషుల్ని కదలకుండా కూర్చోబెట్టడం కష్టం, పూలు మాత్రం కదలవు, అందుకే ఆటోక్రోమ్ తీసినవాళ్ళు చెంబుల్లో పూలు పెట్టి అన్ని ఫోటోలు తీశారు. అప్పటికీ ఆ పూతకి నీలం మీద మోజు పోలేదు, లెన్స్‌కి పసుపు-నారింజ ఫిల్టర్ అడ్డం పెట్టి దాన్ని తగ్గించాల్సి వచ్చేది.

సరే, ఇక్కడ మామని ఇంకో ప్రశ్న అడిగా, అసలు మందారం ఎర్రగా ఉంటుందని మనం ఎవర్ని చూసి చెప్తున్నాం? మన కన్ను కూడా ఒక ప్లేటే కదా. దానికేమీ కనపడకుండా పోవట్లేదా?

పోతోంది, బాగానే పోతోంది. కంటి వెనక రెటీనాలో కాంతిని పట్టేది రెటినాల్ అనే అణువు, విటమిన్ ఏ నుంచి వచ్చేది, మునగాకు క్యారెట్ తినమనేది దీనికే. ఈ రెటినాల్‌ని ఒంటరిగా వదిలేస్తే అది కూడా ఫోటో పేపర్ లాంటిదే, అల్ట్రావయొలెట్ వైపు కాంతినే పట్టుకుంటుంది. కానీ అది ఆప్సిన్ అనే ప్రొటీన్ ఒడిలో కూర్చుంటుంది, ఆ ఒడి ఆకారం కొంచెం మారితే అది పట్టుకునే కాంతి నీలానికో, పచ్చకో, ఎరుపు వైపుకో జరుగుతుంది. ఫోగెల్ వెండి ఉప్పుని అట్లనే ఉంచి పక్కన రంగు కలిపాడు, కంట్లో రెటినాల్ అట్లనే ఉంటే దాని చుట్టూ ఉన్న ప్రొటీన్ మారుతుంది. దారి వేరు, తీర్చే ఇబ్బంది మాత్రం ఒకటే. మనకి పగటి చూపుకి మూడు రకాల కోన్ కణాలు, సుమారు 420, 530, 560 నానోమీటర్ల దగ్గర బాగా పనిచేసేవి (ఇది కాంతి అల పొడవు, అంకె పెరిగే కొద్దీ నీలం నుంచి ఎరుపు వైపు). ఈ చివరి రెండూ, అంటే మనం పచ్చ, ఎరుపు అని పిలుచుకునేవి, ఎంత దగ్గర చుట్టాలంటే వాటి ఆప్సిన్లు 96 శాతం ఒకటే.

ఈ దగ్గరితనం వల్లే ఏం జరుగుతుందో చెప్పే కథ ఒకటుంది, అది కూడా పువ్వు దగ్గరే మొదలైంది. జాన్ డాల్టన్ తెలుసు కదా, స్కూల్లో పరమాణు సిద్ధాంతం పాఠంలో వచ్చే ఆయనే. 1792లో ఒక సాయంత్రం కొవ్వొత్తి వెలుగులో జెరేనియం పువ్వుని చూశాడు. ఆ పువ్వు అందరికీ గులాబీ రంగు, ఆయనకి మాత్రం పగలు ఆకాశం నీలంగా కనపడేది. కొవ్వొత్తి దగ్గర చూస్తే ఆ నీలం మొత్తం మాయమై ఎర్రగా ఉంది! మిగతావాళ్ళని అడిగితే మాకేం పెద్ద తేడా కనపడట్లేదే అన్నారు, ఒక్క సొంత అన్నకి మాత్రమే అచ్చు తనలాగే కనపడింది. కొవ్వొత్తి కాంతిలో నీలం చాలా తక్కువ ఉంటుంది, డాల్టన్ ఆ పువ్వులో చూస్తున్నది దాని నీలం వాటానే కాబట్టి అది లేకపోయేసరికి ఆయన పువ్వు మారిపోయింది. రెండేళ్ళకి 1794లో మాంచెస్టర్‌లో దీనిమీద ఉపన్యాసం ఇచ్చాడు, రంగు అంధత్వం గురించి శాస్త్రీయంగా రాసినవాళ్ళలో మొదటివాళ్ళలో ఒకడు. ఆయన ఊహ ఏంటంటే తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉండి ఎరుపుని మింగేస్తోందని. నేను పోయాక నా కళ్ళు కోసి చూడండి అని చెప్పి పెట్టాడు. 1844లో చనిపోతే డాక్టర్ అట్లనే చేశాడు, ద్రవం తీసి చూస్తే నీళ్ళలా స్వచ్ఛంగా ఉంది, రెండో కంటికి వెనక వైపు కోసి అందులోంచి ఎరుపు, పచ్చ వస్తువులు చూశాడు, ఏ తేడా లేదు. అక్కడికి కథ ఆగిపోయింది. కానీ ఆ కళ్ళ ముక్కల్ని పారేయకుండా దాచారు, 150 ఏళ్ళ తర్వాత, 1995లో, వాటి నుంచి డీఎన్‌ఏ తీసి చూస్తే పచ్చ ఆప్సిన్ జీన్ లేదని తేలింది. తను చనిపోయాక కూడా తన ప్రశ్నకి జవాబు వెతకమని కళ్ళిచ్చిన మనిషి, ఆ జవాబు రావడానికి ఇంకో శాస్త్రమే పుట్టాల్సి వచ్చింది, నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

అసలు ఆ జీన్ అంత తేలిగ్గా ఎందుకు పోతుంది? ఇక్కడే పరిణామం కథ. వెన్నెముక ఉన్న జంతువుల పూర్వీకులకి కోన్లు నాలుగు రకాలు ఉండేవి, పక్షులకి, చాలా చేపలకి, బల్లి జాతులకి ఇప్పటికీ నాలుగూ ఉన్నాయి. మన క్షీరదాల పూర్వీకులు డైనోసార్ల కాలంలో రాత్రుళ్ళు తిరుగుతూ బతికినట్టు ఆధారాలున్నాయి, చీకట్లో రంగులతో పనేముంది, వాడని సామాన్లు పోయినట్టు చాలావాటికి రెండు రకాలు పోయి రెండే మిగిలాయి. అందుకే ఆవులు, కుక్కలు ఇవాళ్టికీ రెండు కోన్లతోనే చూస్తాయి. ఆసియా, ఆఫ్రికా కోతులకీ మనకీ ఉమ్మడి పూర్వీకుల్లో, 3 నుంచి 4 కోట్ల ఏళ్ళ క్రితం, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న ఒక ఆప్సిన్ జీన్ పొరపాటున రెండు కాపీలైంది, ఒక కాపీ పచ్చ దగ్గర ఉండిపోయింది, ఇంకోటి మెల్లగా ఎరుపు వైపు జరిగింది. ఈ కొత్త చూపు నిలబడింది పండిన పండు కోసమా, లేత ఎర్ర చిగురు కోసమా అనే వాదన ఇంకా నడుస్తోంది. దక్షిణ అమెరికాలో హౌలర్ కోతులకి ఇదే సంగతి విడిగా ఇంకోసారి జరిగింది. రెండు కాపీలూ పక్కపక్కనే, దాదాపు ఒకేలా ఉండటం వల్ల తల్లి ఒంట్లో అండాలు తయారయ్యేటప్పుడు అప్పుడప్పుడు తప్పు జత కట్టి ఒకటి జారిపోతుంది. మగవాళ్ళకి ఎక్స్ ఒకటే కాబట్టి స్పేర్ లేదు, అందుకే ఈ ఇబ్బంది ఎక్కువగా మగవాళ్ళలోనే.

మరి పూలు ఎవరికోసం రంగేసుకున్నాయి? మనకోసమైతే కాదు. తేనెటీగకి కూడా మూడు రకాల గ్రాహకాలే, కానీ అల్ట్రావయొలెట్, నీలం, పచ్చ, ఎరుపు వైపు ఏమీ లేదు. తేనెటీగలకి (ఇక్కడ్నుంచి ఈగ అన్నా తేనెటీగే) రంగులే తెలీవు అని మ్యూనిక్‌లో పేరుమోసిన కంటి శాస్త్రవేత్త కార్ల్ ఫన్ హెస్ గట్టిగా వాదించే రోజుల్లో కుర్రాడు కార్ల్ ఫన్ ఫ్రిష్ ఒక చిన్న పని చేశాడు, రకరకాల బూడిద రంగు అట్టల మధ్య ఒక నీలం అట్ట పెట్టి దానిమీద పంచదార నీళ్ళ గిన్నె పెట్టాడు. ఈగలు అలవాటు పడ్డాక గిన్నె తీసేసినా నీలం అట్ట మీదకే వచ్చి వాలాయి, బూడిద అట్టల్లో ఒక్కటి కూడా వాటికి నీలంలా అనిపించలేదు, అంటే రంగు తెలుస్తోంది. అదే ఎర్ర అట్టతో చేస్తే దాన్ని నల్ల అట్ట నుంచి, ముదురు బూడిద నుంచి విడదీయలేకపోయాయి. ఇది అచ్చయింది 1914లో. నా చెంబు ఫోటోలో మందారానికి పట్టిన గతే తేనెటీగ దగ్గర కూడా.

ఇక్కడ చాలామంది తిరగేసి అనుకునేది ఒకటుంది, పూల కోసం ఈగల కళ్ళు తయారయ్యాయని. కీటకాల వంశవృక్షం చూస్తే ఆ అల్ట్రావయొలెట్, నీలం, పచ్చ సెట్టు పూలకంటే చాలా ముందే ఉంది. పూల శిలాజాలు 13 కోట్ల ఏళ్ళ నాటివి, కీటకాలు దాదాపు 40 కోట్ల ఏళ్ళ నుంచి ఉన్నాయి. అంటే కన్ను ముందు, పువ్వు తర్వాత, ప్లేటుకి ఏది బాగా పడుతుందో చూసి పూలు ఎంచుకునే ఫోటోగ్రాఫర్ లాగ, అప్పటికే ఉన్న కళ్ళకి బాగా ఆనే పువ్వు ఎక్కువ గింజలు కట్టి మిగిలింది. పొద్దుతిరుగుడు పువ్వు మనకి మొత్తం పసుపు, ఈగకి మాత్రం మధ్యలో అల్ట్రావయొలెట్ మింగేసే ముదురు వలయం, చుట్టూ వెలుగు, విల్లు గురి పలకలాగ.

మందారం, మోదుగ, బూరుగ లాంటి ఎర్ర పూల బేరం పక్షులతో. పక్షికి ఎరుపు కోన్ ఉంది, పైగా దాని ఒక్కో కోన్ కణంలో కాంతి వచ్చే దారికి అడ్డంగా ఒక చిన్న నూనె బొట్టు ఉంటుంది, చాలావాటిలో అది రంగు బొట్టు, ఎరుపు, పసుపు ఇలా. మైక్రోస్కోప్ కింద పక్షి రెటీనా ఫోటో పక్కన ఆటోక్రోమ్ ప్లేటుని పెద్దది చేసిన ఫోటో పెట్టి చూడండి, రంగు చుక్కల ముగ్గు రెండిట్లోనూ! లూమియేర్లు పిండి రేణువులతో చేసిన పనిని పక్షి కన్ను నూనె బొట్లతో ఎప్పట్నుంచో చేస్తోంది.

అట్లని పాత ఫోటో అంటే తేనెటీగ చూపు అనుకోకూడదు. బ్రాన్ ప్లేటు గానీ నా పేపర్ గానీ వచ్చిన నీలం, ఊదా అంతా ఒక్క కుప్పగా పోసి తెలుపు-నలుపుల్లో చెప్తుంది, దానికి రంగు అనేదే లేదు. ఈగ మూడు గ్రాహకాలు ఇచ్చిన జవాబుల్ని పోల్చి చూసుకుంటుంది, పోల్చడంలోంచి పుట్టేదే రంగు. ఈగకి పచ్చ బాగా తెలుసు, పేపర్‌కి తెలీదు, కాబట్టి నా ఫోటోలో బొగ్గైన చామంతి ఈగకి బొగ్గులా ఉండదు. ఇంకోటి, మామూలు గాజు లెన్స్ అల్ట్రావయొలెట్‌ని చాలావరకు ఆపేస్తుంది, పూల మీద ఆ గుర్తులు తీయాలంటే క్వార్ట్జ్ లెన్స్ లాంటివి కావాలి.

ఇదంతా చెప్పాక మామ "అయితే మన కన్ను ఎప్పుడన్నా నా పేపర్ లాగ చూస్తదా?" అని అడిగాడు. చూస్తుంది, రోజూ రెండుసార్లు. 1825లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే తెల్లవారుజామున రంగులు ఏ వరసలో వస్తాయో గమనించి రాశాడు, మొదట అంతా నలుపు, బూడిద, నీలం ముందు తెలుస్తుంది, పగలు అన్నిటికంటే మెరిసే ఎరుపులు అప్పుడు అన్నిటికంటే నల్లగా ఉంటాయి అని. మసక చీకట్లో కోన్లు పడుకుని రాడ్ కణాలు పని చేస్తాయి, వాటి పట్టు 500 నానోమీటర్ల దగ్గర, ముదురు ఎరుపు వాటికి దాదాపు చీకటే. రాడ్లు ఒకే రకం కాబట్టి పోల్చుకోవడానికి జత లేదు, రంగు లేదు. అందరికీ ఇంతేనా అంటే కాదు, మన దగ్గరే, ఇక్కడ టాటా ఇన్‌స్టిట్యూట్ అని ఆటోవాళ్ళు పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి రెనీ బోర్జెస్, హేమ సోమనాథన్, స్వీడన్ వాళ్ళతో కలిసి పడమటి కనుమల్లో ఒక రాత్రి తుమ్మెదని, జైలోకోపా ట్రాంక్వెబారికా దాని పేరు, పరీక్షించి 2008లో అచ్చు వేశారు, అది నక్షత్రాల వెలుగులో కూడా రంగుని గుర్తుపడుతుంది. మనకి ఆ వెలుగులో రంగు తెలీనే తెలీదు.

మామ నమ్మడానికి చూడాలన్నాడు. మొన్న తెల్లారుజామున కరెంటు పోయి వీధి లైట్లు కూడా లేనప్పుడు నన్ను తట్టి లేపాడు, ఇద్దరం మేడెక్కాం. కుండీలో మందారం అప్పటికే సగం విచ్చుకుంది, ఆకులకంటే నల్లగా, ఆకుల మధ్య ఒక బెజ్జం పడినట్టుంది. గోడ మీద శంఖుపుష్పాలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మామ తనతో తెచ్చిన ప్రింట్‌ని చేయి చాపి పువ్వు పక్కన పట్టుకున్నాడు, రెండూ ఒకటే నలుపు. అట్లనే పట్టుకుని నిలబడ్డాడు, నేను చెయ్యి నొప్పి పుట్టట్లేదా అన్నా వినలేదు. తూర్పున తెలుపు వచ్చే కొద్దీ ముందు ఆకులు పచ్చబడ్డాయి, తర్వాత ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ తెలీలేదు గానీ పువ్వు గోధుమ రంగులోకి, అక్కడ్నుంచి ఎరుపులోకి వచ్చేసింది, ప్రింట్ అట్లనే నల్లగా ఉంది. ఇంకో అరగంటకి తేనెపిట్ట ఒకటి వచ్చి తొడిమ దగ్గర ముక్కు గుచ్చింది, మామ అప్పుడు చెయ్యి దించాడు.